ఉదయగిరిలో కాళ్ళు లేని బొమ్మ

నాకు కాళ్ళు గీయడం రాదు. ఇరవై రెండేళ్ళుగా బొమ్మలు గీసుకుని బతుకుతున్నదాన్ని, ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ రాలేదు. పత్రికల్లో, పిల్లల పుస్తకాల్లో, శుభలేఖల మీద నా ఆడపిల్లల్ని మీరు చూసే ఉంటారు. చారడేసి కళ్ళు, మోకాళ్ళ దాకా జడ, నేలంతా పరుచుకున్న కుచ్చిళ్ళు. ఆ కుచ్చిళ్ళ కింద పాదాలుండవు. మొదట్లో రాక దాచాను. తర్వాత దాన్నే నా శైలి అన్నారు. ఒక సభలో ఒక పెద్దమనిషి లేచి, ఈమె స్త్రీలు నేలను తాకరు, తేలుతారు అని పొగిడితే శాలువా కప్పించుకుని బుద్ధిగా తలవంచాను. అది తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండిపోతుంది. పొగిడినాయన మీద కాదు, తలవంచిన నా మీద.

ఆరేళ్ళ క్రితం హైదరాబాదులో చేతిపని వస్తువులు అమ్మే ఒక కంపెనీవాళ్ళు ఉదయగిరి కొయ్య చెంచాల డబ్బా మీదికి బొమ్మ అడిగారు. ఉదయగిరి ఎక్కడుందో మ్యాపులో కూడా చూడకుండా ఒక్క సాయంత్రంలో గీసిచ్చాను. టోపీ పెట్టుకున్న ముసలాయన ఉలి, సుత్తి పట్టుకుని చెంచా చెక్కుతుంటాడు. వెనక బిందె చంకన పెట్టుకుని నా తేలే పిల్ల ఒకతె నవ్వుతూ చూస్తుంటుంది. డబ్బా బాగా అమ్ముడుపోయిందట. ఈ ఏడాది కానుకల పెట్టె కొత్తగా వేస్తున్నాం, అదే స్టైల్లో ఇంకో బొమ్మ కావాలన్నారు. సరేనన్నాను. అంతలో విజయవాడ ఎగ్జిబిషన్లో ఒకామె ఆ డబ్బా చేత్తో పట్టుకుని, ఉదయగిరి వెళ్ళి చూసి గీశారా అని నన్ను అడిగింది. తడుముకోకుండా "వెళ్ళాను" అన్నాను. ఇంటికొచ్చాక అన్నం సహించలేదు. అబద్ధమాడినందుకు కాదు, అది అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చినందుకు. మర్నాడే తెనాలిలో రైలెక్కాను.

ఆత్మకూరు: కారం దోసె

నెల్లూరులో దిగి ఆత్మకూరు బస్సు పట్టుకున్నాను. పక్క సీట్లో సువార్తమ్మ అని ఒక పెద్దావిడ, చర్చి పని మీద నెల్లూరు వచ్చి తిరిగి ఊరికి పోతోంది. మా వైపు కొత్తవాళ్ళను పలకరించాలంటే ముందు ఏ వీధి, ఎవరి తాలూకు అని చుట్టూ తిరిగి అప్పుడు అసలు సంగతికొస్తారు. ఆవిడ బస్సు కదలకముందే మొదలుపెట్టింది. ఒక్కదానివే యాడికి పోతుండావు, మొగుడు రాలేదా, ఏం పని. కొయ్య చెంచాలు చేసేవాళ్ళను చూడ్డానికి అన్నాను. నన్ను ఎగాదిగా చూసింది.

"చెంచా చూసేదానికి తెనాలి నుంచి వచ్చినావా? ఏంది, ఆడ చెంచాలు లేవా?"

బొమ్మలు గీస్తానని చెప్పి ఫోనులో నా బొమ్మలు చూపించాను. చూపించగానే అందరూ ఎంత బాగున్నాయో అంటారు. ఆ మాట కోసమే చూపిస్తానని నాకూ తెలుసు. ఆవిడ వేలితో ఒక్కొక్కటే జరుపుతూ చివరిదాకా పోయి, "అంతా ఒకే పిల్లా?" అంది. అవి పద్నాలుగు పుస్తకాల బొమ్మలు. కాదు, వేరువేరు పిల్లలు అన్నాను కొంచెం గట్టిగానే. "అట్నా. అక్కచెల్లెళ్ళేమోలే," అని ఫోను నా ఒళ్ళో పెట్టి కిటికీ వైపు తిరిగింది. ఆత్మకూరు వచ్చేదాకా నేను ముఖం మాడ్చుకునే కూర్చున్నాను. ఆవిడ గమనించినట్టు కూడా లేదు. దిగేటప్పుడు నా సంచీ ఆవిడే అందించింది.

బస్టాండు ఎదురుగా కారం దోసె తిన్నాను, నలభై రూపాయలు. మా తెనాలిలో అల్లం చట్నీలో బెల్లం తగులుతుంది. ఇక్కడ దయాదాక్షిణ్యాలేమీ లేవు, ఎర్రకారం అట్టు నిండా పూసి మడిచి చేతిలో పెట్టారు. కళ్ళు తుడుచుకుంటూ రెండోది కూడా తిన్నాను. దారిలో ఉంటుందని ఇడ్లీ, సాంబారు పొట్లం కట్టించుకున్నాను. అక్కడే కొంప మునిగింది. ఉదయగిరి బస్సెక్కేలోపల సాంబారు కవరు పగిలి సంచీ అడుగంతా పారింది. జపాను నుంచి తెప్పించుకున్న కుంచె పెన్నులు, దళసరి కాగితాల పుస్తకం, నీటి రంగుల డబ్బా, అన్నీ మునగకాయ ముక్కల మధ్య తేలుతున్నాయి. బస్టాండులో నిలబడి కవరు కట్టినవాణ్ణీ, సాంబారునూ, నన్నూ కలిపి తిట్టుకున్నాను. పక్క కొట్లో మంచి డ్రాయింగు పుస్తకం ఉందా అంటే పిల్లలు లెక్కలు చేసుకునే రఫ్ నోటుబుక్కు, రెండు పెన్సిళ్ళు ఇచ్చాడు. గతిలేక తీసుకున్నాను.

ఉదయగిరి: చెంచాల ఇల్లు

ఊరి నెత్తిన కొండ, కొండ మీద కోట గోడలు. బస్సు దిగగానే ఆటో అతను అడక్కుండానే కోట దారి పట్టించబోయాడు. నాకు కోట వద్దు, చెంచాలు చేసే ఇల్లు కావాలంటే నిరాశపడ్డాడు. వచ్చినవాళ్ళంతా కోటకు పోయి ఫోటోలు దిగి పోతారు, చెంచా అయితే బజార్లోనే కొనుక్కోవచ్చు గదా అని దారంతా చెప్పాడు. యాభై రూపాయలు తీసుకుని, నడిచినా ఐదు నిమిషాలు పట్టని చోట దింపాడు.

ఆ ఇల్లు మాబున్నిది. అరవై దాటి ఉంటాయి. ఆమె, ఆమె కోడలు షమీమ్ వసారాలో పట్టా పరుచుకుని పనిలో ఉన్నారు. ఆమె భర్త కొయ్య తెచ్చి మొద్దులు కోసిస్తాడట. మిగిలిందంతా ఆడవాళ్ళ చేతుల్లోనే. వాళ్ళలో వాళ్ళు ఉర్దూ, నాతో తెలుగు. చెంచాలు చూస్తానంటే చూడమన్నారు, ఎవరు ఏమిటి అని అడగలేదు. తింటివా అని మాత్రం అడిగారు. నేను నసుగుతుంటే షమీమ్ పళ్ళెంలో అన్నం, వంకాయ దాల్చా పెట్టేసింది. పులుపుకు దవడలు లాగాయి గానీ, సాంబారు పోయిన దుఃఖం కొంత తీరింది.

తింటుండగా మాబున్ని లేచి కుళాయి దగ్గరికి పోయింది. సబ్బుతో కాళ్ళు రుద్దుకుంది. మడమలు, వేళ్ళ సందులు, గోళ్ళు, తీరిగ్గా. నమాజుకేమో అనుకున్నాను. విడిగా పెట్టుకున్న తువాలుతో తుడుచుకుని నేరుగా పట్టా మీదికి వచ్చి కూర్చుంది. కుడికాలు చాపి, బొటనవేలికీ పక్కవేలికీ మధ్య చెంచా తొడిమ ఇరికించింది. రెండు చేతులతో ఆకురాయి పట్టుకుని గుంట లోపల గీకడం మొదలుపెట్టింది. కొయ్య అంగుళం కదల్లేదు. చేతులు ఎటు తిరిగితే కాలు అటు తిరుగుతోంది. ఆ బొటనవేలు లోపలివైపు నొక్కుకుపోయి, చెంచా తొడిమంత గాడి పడిపోయి ఉంది. ఉలి లేదు, సుత్తి లేదు. చిన్న బాడిస, రంపపుముక్క, ఆకురాళ్ళు, ఆ కాలు. ఇంతే ఆ ఇంటి కార్ఖానా.

గోడవారగా నా డబ్బాలు దొంతరలుగా ఉన్నాయి. కంపెనీ అట్టలు పంపిస్తే వీళ్ళే మడిచి, చెంచాలు సర్ది పంపుతారు. నవ్వుతూ నా పిల్ల ఇరవై చోట్ల నుంచి నన్నే చూస్తోంది. బొమ్మ బాగుందే అన్నాను, ఏమీ ఎరగనట్టు. ఎందుకన్నానో మీకు తెలుసు.

షమీమ్ ఫోర్కులాంటి పళ్ళ చెంచాకు పళ్ళు కోస్తూ తలెత్తకుండా చెప్పింది. "ఏం బాగు మేడం. చెంచా చేసేది మొగాయనంట, మేం బిందె పెట్టుకోని చూస్తా నిలబడుకోనుండామంట. గీసినోళ్ళు ఈ ఊరు వచ్చింటే గదా."

మాబున్ని డబ్బా ఒకటి అందుకుని నా ముందుకు తోసింది. "అది పోనీ. ఈ పిల్లకి కాళ్ళు యాడుండాయి? కాళ్ళు లేకుండా చెంచా ఎట్ట చేస్తాది?"

చేయడం లేదు, ఊరికే నిలబడింది అని వాదించబోయి ఊరుకున్నాను. అరికాలి మంట నెత్తికెక్కింది. నిజం చెబుతున్నాను, అప్పుడు నాకొచ్చింది సిగ్గు కాదు, కోపం. బొమ్మ గురించి వీళ్ళకేం తెలుసు, రేఖ అంటే ఏమిటో తెలుసా, నన్ను మెచ్చుకున్నవాళ్ళు ఎవరెవరో తెలుసా! డజను చెంచాలు కొనుక్కుని, నేనెవరినో చెప్పకుండా బయటపడ్డాను. వాళ్ళింట్లో చెంచా నలభై. విజయవాడలో అదే చెంచా నా బొమ్మున్న డబ్బాలో రెండొందల యాభైకి చూశాను. దాని మీద కూడా కోపం తెచ్చుకున్నాను, కోపానికి చోటు వెతుక్కుంటున్నదాన్ని కాబట్టి.

సీతారామపురం బస్సు కోసం

మర్నాడు పొద్దున తిన్నగా ఇంటికి పోవాల్సింది. అభిమానం అడ్డొచ్చి, వచ్చినందుకు ఇంకేదైనా చూసిపోదామని సీతారామపురం బస్సు కోసం నిలబడ్డాను. అటు బస్సులు తక్కువ. వచ్చేదెప్పుడో అక్కడ నిలబడ్డవాళ్ళకూ సరిగా తెలియదు, తెలియనందుకు వాళ్ళకు బాధ కూడా లేదు. గంట గడిచింది. ఏమీ తోచక రఫ్ నోటుబుక్కు తీశాను. చేతికి అలవాటైన కళ్ళు, జడ, కుచ్చిళ్ళు వాటంతటవే వచ్చేశాయి. కాగితం చించి నలిపేసి, తల దించుకుని కూర్చున్నాను. తల దించుకుంటే కనపడేవి కాళ్ళే.

సరే, ఇవాళ ఇదే తేల్చుకుందాం అనుకున్నాను. మొదటి పాదం చపాతీ పిండి ముద్దలా వచ్చింది. రెండోదానికి ఆరు వేళ్ళు పడ్డాయి. రబ్బరు చెప్పులు, పగిలిన మడమలు, మెట్టెలు బిగుసుకుపోయిన వేళ్ళు, బాటా బూట్లలోంచి మేజోడు బయటికొచ్చిన ఒక గుమాస్తా కాళ్ళు. అప్పుడే పలక పట్టిన పిల్లలాగా చెరుపుకుంటూ గీసుకుంటూ కూర్చున్నాను. నలభై ఏడేళ్ళ వయసులో, నా పేరుతో బహుమతి ఫలకం గోడకు వేలాడుతుండగా, ఒక మడమ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియక చెమటలు కక్కాను. ఎదురుగా కూర్చున్న ముసలాయన కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు.

"ఏందిమా, కాళ్ళు గీస్తుండావు? మొహాలు అంత బాగలేవా?"

మొహాలు గీయడం వచ్చు, కాళ్ళు రావు, నేర్చుకుంటున్నానని చెప్పాను. ఇరవై రెండేళ్ళలో నేను పైకి చెప్పడం అదే మొదలు. ఆయనకది పెద్ద సంగతిగా తోచలేదు. కాళ్ళు మళ్ళీ ముందుకు చాపి, కానీయమన్నాడు. ఎడమ కాలి చిటికెన వేలు నాగలి తగిలి పోయింది, అది మాత్రం లేనట్టే గీయమని హెచ్చరించాడు. బస్సు వచ్చి, అందరూ ఎక్కి, పోయింది. నేను ఎక్కలేదు.

మళ్ళీ ఆ ఇంటికి

మధ్యాహ్నానికి మాబున్ని వసారాలో ఉన్నాను. డబ్బా చేతిలోకి తీసుకుని, ఈ బొమ్మ గీసింది నేనే అక్కా అన్నాను. ఆకురాళ్ళు రెండూ ఆగాయి. తిడతారనుకున్నాను, క్షమిస్తారని కూడా లోపల ఎక్కడో ఆశపడ్డాను. ఆ రెండూ జరగలేదు. మాబున్ని నన్ను కింద నుంచి పైదాకా చూసింది.

"నువ్వా? ఎవరో మొగాయన గీసినాడనుకున్నాం గదా ఇంతకాలం."

తల కొట్టేసినట్టయింది.

ఆమె నన్ను కుళాయి దగ్గరికి పంపింది. కాళ్ళు కడుక్కోమంది. నేను మామూలుగా నీళ్ళు పోసుకుని వచ్చేస్తే షమీమ్ తిప్పి పంపి సబ్బిచ్చింది. నోట్లో పెట్టుకునే వస్తువు, మురికికాలితో తాకకూడదట. వాళ్ళ అత్తగారి అత్తగారి నాటి నుంచీ అంతే, కడగని కాలు పట్టా ఎక్కదు. ఒకసారి పట్టా దిగితే, తలుపు తీయడానికైనా సరే, మళ్ళీ కడగాల్సిందే. తయారైన చెంచాకు ఇక కాలు తగలనివ్వరు, వేడినీళ్ళలో కడిగి ఒడిలోకే తీసుకుంటారు. తర్వాత నా వేళ్ళ మధ్య కొయ్యముక్క ఇరికించి ఆకురాయి చేతికిచ్చారు. రెండు గీతలకే కొయ్య ఎగిరి గోడకు కొట్టుకుంది, నా బొటనవేలు చెక్కుకుపోయింది. అత్తాకోడళ్ళు కడుపుబ్బ నవ్వారు. పసుపు పెట్టుకుని, నోటుబుక్కు తీసుకుని ఎదురుగా కూర్చున్నాను.

అప్పుడు చెప్పింది మాబున్ని. కిందటేడు కంపెనీవాళ్ళు వీడియో తీయడానికి వచ్చారట. కాలు కనపడితే కొనేవాళ్ళు అసహ్యపడతారని ఆమె మోకాలి నుంచి కిందికి జంపకానా కప్పించారట. "గుడ్డ కింద వేళ్ళు జారిపోతాయి. రెండు చెంచాలు విరిగినాయి. విరిగినా ఫర్వాలా, నవ్వు అన్నారు," అంది. నాకు ఒళ్ళు భగ్గుమంది. వాళ్ళెవరు ఆమె కాలికి గుడ్డ కప్పడానికి, కడిగిన కాలికి! నోరు తెరిచి వాళ్ళను తిట్టబోయి, ఒడిలో ఉన్న డబ్బా చూసి నోరు మూసుకున్నాను. వాళ్ళకంటే ఐదేళ్ళ ముందే నేను కుచ్చిళ్ళు కప్పాను.

నాలుగు గంటలు గీశాను. ఐదు కాగితాలు పాడయ్యాయి. ఆరోది ఉంచాను. అందులో మాబున్ని మొహం సగమే పడింది, కళ్ళు చారడేసి లేవు, జడ లేదు. కాగితంలో సగం ఆ కుడికాలే. వంకర గోరు, గాడిపడ్డ బొటనవేలు, మధ్యలో చెంచా. అందంగా లేదు. నా చేయి గీసినట్టే లేదు. మాబున్ని కాగితం తీసుకుని దూరంగా, దగ్గరగా పెట్టుకుని చూసింది. "మొహం నాది కాదు. కాలు నాదే," అంది.

కొత్త పెట్టె మీదికి ఇదే ఇస్తానన్నాను ఆవేశంగా. ఆమె ఆవేశపడలేదు. ఆర్డర్లు ఆ కంపెనీవే, కాలు చూసి జనం కొనకపోతే పస్తుండేది నేను కాదు, వీళ్ళు. ఆ మాట షమీమ్ అంది, మెల్లగానే. నా కోపం నాకు ఖర్చులేనిదని అప్పుడు తెలిసింది. ఇవ్వనులే, మీరు వద్దంటే వద్దు అన్నాను. మాబున్ని వేళ్ళ మధ్య చెంచా తిప్పి పెట్టుకుని, గుంటలో ఆకురాయి ఇంకో నాలుగుసార్లు ఆడించింది.

"ఇయ్యి," అంది చివరికి. "కాని ఒక్క కాలే గీస్తే అసహ్యమే పడతారు. కాలు కడుక్కునేది కూడా గీయి."

ఆ పక్కనే కుళాయి కింద రెండు పాదాలు, సబ్బు, తువాలు గీశాను. షమీమ్ రెండింటినీ ఫోనులో ఫోటో తీసుకుంది.

తిరిగి ఆత్మకూరు: ఫోను

ఆత్మకూరు బస్టాండు నుంచే బొమ్మలు కంపెనీకి పంపాను. దోసె రాకముందే మేనేజరు ఫోను చేశాడు. మేడం, తినే చెంచా పెట్టె మీద కాలా, మీకేమైనా ఒంట్లో బాగోలేదా అన్నాడు. కడిగిన కాలన్నాను. పక్కన కుళాయి బొమ్మ చూడమన్నాను. అతను నవ్వాడు. జనానికి మీ స్టైల్ కావాలి మేడం, ఈ కాళ్ళు కాదన్నాడు. అయితే నా పేరుతో పాత బొమ్మ కూడా ఇక వేయొద్దన్నాను. హోటల్లో అందరూ తినడం ఆపి నా వైపు చూస్తున్నారని తెలుసు, అయినా గొంతు తగ్గించలేదు. అతను మాత్రం మర్యాదగానే చెప్పాడు. "ఫర్వాలేదు మేడం. మీ పాత బొమ్మలు నాలుగు పెడితే కంప్యూటరే నిమిషంలో గీసిచ్చేస్తుంది. మీరు టెన్షన్ పడకండి."

ఫోను పెట్టేశాను. దోసె చల్లారిపోయింది. నిమిషం! ఇరవై రెండేళ్ళు ఒకే పిల్లను గీస్తూ కూర్చుని, దాన్ని యంత్రానికి నేనే కంఠస్థం చేయించాను. బస్సులో సువార్తమ్మ వేలితో జరుపుతూ చూసేసిన సంగతి ఇదే. ఆవిడకైతే నిమిషం కూడా పట్టలేదు.

ఇంటికొచ్చాక

రెండు నెలలకు షమీమ్ వాట్సాపులో ఒక ఫోటో పంపింది. కొత్త కానుకల పెట్టె. చారడేసి కళ్ళు, జడ, బిందె, నేలంతా కుచ్చిళ్ళు. కింద ఒక్క లైను రాసింది: మళ్ళీ కాళ్ళు లేవు. ఇది కూడా నువ్వేనా?

కాదని టైపు చేసి చెరిపేశాను. ఎవరు చూసినా నాదే అంటారు, నేనే మొదటిసారి చూసి ఎప్పుడు గీశానా అని తడబడ్డాను. ఆగలేక ఫోను చేశాను. మాబున్ని ఎత్తింది. ఇది నాది కాదక్కా, ఒట్టు అన్నాను.

"తెలుసులే. మా కోడలు ఊరికే అడిగింది," అంది ఆమె. "దాని ఫోనులో ఉండే నీ కాళ్ళ బొమ్మ జిరాక్సు తీయించినాం. డబ్బాకొకటి అడుగున పెట్టి, దాని మీద చెంచాలు సర్ది పంపిస్తుండాం."

కంపెనీకి తెలిస్తే ఆర్డరు పోతుంది గదా అన్నాను భయంగా. "పోతే పోనీ. చెంచాలు చేసేది వాళ్ళు కాదు గదా," అంది. ఈ సంగతి రాయొచ్చా అని అడిగాను. రాయమంది. పేరు కూడా రాయమంది.

అందుకే రాశాను. మీ ఇంటికి ఎప్పుడైనా ఆ పెట్టె వస్తే మూత మీది పిల్లను నమ్మొద్దు. చెంచాలన్నీ బయటికి తీసి అడుగున చూడండి. మాబున్ని కాళ్ళుంటాయి, కడుక్కునే ఉంటాయి.